పీహెచ్‌సీ ఓపీలో డిప్రెషన్, గాబరా కేసులు: ఎలా పట్టుకోవాలి, రెండోసారి ఎలా రప్పించాలి?

మెడికల్ ఆఫీసర్, నల్గొండ జిల్లా

ఓపీ రోజుకి 70–80. సైకియాట్రిస్టు కావాలంటే జిల్లా ఆస్పత్రికే పంపాలి. నీరసం, తల దిమ్ము, గుండె దడ, అరికాళ్ళ మంటలు, నిద్ర పట్టకపోవడం అంటూ నెలనెలా తిరిగేవాళ్ళు చాలామంది. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, ఈసీజీ అన్నీ బాగానే ఉంటాయి. బీ-కాంప్లెక్స్ ఇంజక్షనో, సెలైనో, పాంటాప్రజోలో ఇచ్చి పంపితే పది రోజులకి మళ్ళీ అదే వరస.

నాలుగు విషయాలు తెలిసినవాళ్ళు చెప్పండి. మనిషికి మూడు నిమిషాలు కూడా దక్కని ఓపీలో పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక) ఎక్కడ ఇమడ్చాలి? మొదటి మందు ఏది, ఎంత డోసు? ఏ కేసు మన దగ్గర ఉంచుకోవచ్చు, ఏది పంపెయ్యాలి? అన్నిటికన్నా ముఖ్యం: ఎస్సిటాలోప్రామ్ (డిప్రెషన్ మందు) మొదలుపెట్టినవాళ్ళలో ఎక్కువమంది రెండోసారి రావడం లేదు. ఎందుకు?

సైకియాట్రీ, విశాఖపట్నం

డాక్టర్ గారూ, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. పీహెచ్‌సీలో డిప్రెషన్ వైద్యం తప్పిపోయేది రోగ నిర్ధారణ దగ్గర కాదు, రెండో విజిట్ దగ్గర. మందు చేసే చెరుపు మొదటి రోజు నుంచే కనిపిస్తుంది: వికారం, విరేచనాలు, తలనొప్పి, ఉన్న గాబరా ఇంకాస్త పెరగడం. గుణం కనిపించేది రెండు నుంచి నాలుగు వారాలకి. మనం పది రోజులకి మాత్రలిచ్చి పంపితే ఆ పది రోజుల్లో పేషెంటు చూసేది చెరుపునే. "ఈ మందు నాకు పడలేదు" అనుకోవడం సహజం. కాబట్టి చీటీ చేతిలో పెట్టే ముందు మూడు మాటలు తప్పకుండా చెప్పాలి: మొదటి వారం కడుపులో తిప్పొచ్చు, అది తగ్గిపోతుంది; మూడో వారం దాకా తేడా తెలియదు; బాగయ్యాక కూడా నెలల తరబడి వాడాలి, మీ అంతట మీరు ఆపొద్దు. "ఇది నిద్రమాత్ర కాదు, అలవాటు పడే మందు కాదు" అన్నది నాలుగో మాట. అడగకపోయినా ఆ అనుమానం వాళ్ళ మనసులో ఉంటుంది.

మొదలుపెట్టడం: ఎస్సిటాలోప్రామ్ 5 మి.గ్రా. టిఫిన్ తర్వాత వారం రోజులు, ఆపైన 10 మి.గ్రా. డోసులు మరిచిపోయే మనిషైతే ఫ్లూఒక్సెటిన్ 20 మి.గ్రా. పొద్దున పూట మేలు. అది ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది, ఒకరోజు తప్పినా తల తిరగడం, చిరాకు లాంటి ఇబ్బంది రాదు. పాలిచ్చే తల్లికి సెర్ట్రలిన్ 25తో మొదలుపెట్టి 50కి వెళ్ళండి. అమిట్రిప్టిలిన్ చవక, అన్నిచోట్లా దొరుకుతుంది, కానీ పదిరోజుల మాత్రలు ఒక్కసారి మింగితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. డిప్రెషన్‌కి దాన్ని మొదటి మందుగా వాడొద్దు.

మందు రాసే ముందు ఒక్క ప్రశ్న మాత్రం వదలకండి, అదీ ఇంటివాళ్ళని అడగండి: "ఎప్పుడైనా వారం పాటు నిద్ర లేకుండానే హుషారుగా, ఆగకుండా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడుతూ, తనంత గొప్పవాడు లేడన్నట్టు ఉన్నారా?" అవునంటే బైపోలార్ కావచ్చు. ఒట్టి ఎస్సిటాలోప్రామ్ ఇస్తే ఉన్మాదంలోకి వెళ్ళే ప్రమాదం ఉంది. ఆ కేసు మాకు పంపండి. థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయించండి, ముఖ్యంగా ఆడవాళ్ళకి. నీరసం, మందకొడితనం, బరువు పెరగడం అక్కడినుంచి కూడా రావచ్చు.

నాలుగో వారంలో పీహెచ్‌క్యూ-9 మళ్ళీ వెయ్యండి. మొదటి స్కోరు కన్నా కనీసం 5 తగ్గాలి. తగ్గకపోతే, మందు నిజంగా వేసుకుంటున్నారని తేలాక డోసు పెంచండి. ఎనిమిదో వారానికి సగానికి కూడా రాకపోతే రిఫర్ చెయ్యండి. స్కోరు 5 లోపు వచ్చాక ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. ఆపేటప్పుడు కనీసం నాలుగు వారాలు పట్టేలా మెల్లగా తగ్గించాలి.

పాతికేళ్ళ లోపు వాళ్ళకి మందు మొదలుపెడితే మొదటి వారంలోనే ఒకసారి చూడండి, కుదరకపోతే ఫోన్ చేయించండి. ఆ వయసులో తొలి వారాల్లో చావు ఆలోచనలు పెరగొచ్చు.

ఎంఎల్‌హెచ్‌పీ, పశ్చిమ గోదావరి

సార్, నేను సబ్‌సెంటర్‌లో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీని (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్). పీహెచ్‌క్యూ-9 డాక్టరు గదిలో వెయ్యక్కర్లేదు. బీపీ చూసే బల్ల దగ్గర మొదటి రెండు ప్రశ్నలు అడిగితే చాలు: గత రెండు వారాల్లో ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం ఎన్ని రోజులు ఉంది, మనసు దిగులుగా ఉండడం ఎన్ని రోజులు. రెండూ కలిపి 3 గానీ అంతకు మించి గానీ వస్తేనే మిగతా ఏడూ. మా జిల్లాలోనే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు చేసిన స్మార్ట్ మెంటల్ హెల్త్ పనిలో ఆశాలు ఇళ్ళకెళ్ళి ట్యాబ్ మీద ఇవే ప్రశ్నలు అడిగి, ఎక్కువ వచ్చినవాళ్ళని పీహెచ్‌సీకి పంపారు. ఆశాలు చెయ్యగలరు, నేర్పాలంతే.

అడిగే తీరులో తప్పులు జరుగుతాయి. "కొన్ని రోజులు", "సగం కన్నా ఎక్కువ రోజులు" అంటే పెద్దవాళ్ళకి తెగదు. "పద్నాలుగు రోజుల్లో ఎన్ని?" అని అడిగి మనమే మార్కు వేసుకోవాలి: ఒకటి దాకా 0, రెండు నుంచి ఆరు 1, ఏడు నుంచి పదకొండు 2, పన్నెండు, ఆపైన 3. అత్తగారు పక్కన కూర్చుని ఉంటే కోడలు చెప్పే జవాబు జవాబు కాదు. "బరువు చూడాలి, లోపలికి రండమ్మా" అని విడిగా పిలవండి. "డిప్రెషన్ ఉందా", "మెంటల్" అనే మాటలు అసలు వద్దు.

తొమ్మిదో ప్రశ్న దగ్గర చదివేవాళ్ళే తడబడి దాటేస్తారు. చావు సంగతి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం అది. అలా జరగదు, అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. వరసగా అడగాలి: బతకాలని లేదనిపిస్తోందా? ఎలా చచ్చిపోవాలో ఆలోచించారా? ఇంతకుముందు ప్రయత్నించారా? ఇంట్లో పురుగుమందు ఉందా, ఎక్కడ పెట్టారు? మొదటిదానికి అవునని, మిగతావాటికి కాదని అంటే ఆ రోజే డాక్టరుకి చూపించాలి. పద్ధతి ఆలోచించుకుని, పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంటివాళ్ళని పిలిపించి, 108లో ఆస్పత్రికి పంపాలి. డబ్బా ఆ పూటే ఇంట్లోంచి బయటికి పోవాలి. పశువుల పాకలోకి మార్చడం కాదు, వేరే వాళ్ళ తాళంలోకి. మాత్రలు వారానికే ఇచ్చి ఇంటివాళ్ళ చేతిలో పెట్టాలి. 14416 నంబరు చీటీ మీద పెద్ద అంకెల్లో రాయండి. టెలీ మానస్ అది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

స్కోరు 10 లోపు ఉన్నవాళ్ళకి మందుకన్నా పని పురమాయించడం మేలు. పైన ఉన్నవాళ్ళకి మందుతో పాటు ఇదీ చెయ్యాలి. గోవాలో సంగత్ సంస్థ వాళ్ళు కౌన్సెలింగ్ చదువు లేని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో ఇదే చేయించారు. దాని ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. సిట్టింగుకి అరగంట. దిగులు వచ్చాక ఏ ఏ పనులు మానేశారో రాసుకుని, అందులో అన్నిటికన్నా తేలికది ఒకటి ఎంచుకోవాలి. "రోజూ వాకింగ్ చెయ్యండి" అంటే చెయ్యరు. "సాయంత్రం ఆరింటికి కాలవ గట్టు మీద రామాలయం దాకా, పక్కింటి వదినతో" అని రోజు, గంట, తోడు అన్నీ తేల్చాలి. చదువు రాకపోతే గోడ క్యాలెండరు మీద చేసిన రోజున గీత పెట్టమనండి, వచ్చే వారం ఆ కాగితం తెమ్మనండి. గీతలు లేకపోతే తిట్టొద్దు, పని ఇంకా చిన్నది చెయ్యాలి. "ధైర్యంగా ఉండండి, ఏం ఆలోచించకండి" అన్నది సలహా కాదు. అది విన్న మనిషి మళ్ళీ నోరు విప్పరు.

ఫార్మసిస్టు, కామారెడ్డి

కౌంటర్ దగ్గర కనిపించే తప్పులు చెప్తా.

ఎస్సిటాలోప్రామ్ వాడేవాళ్ళకి ఒళ్ళు నొప్పులని ట్రమడాల్ రాస్తున్నరు. రెండూ కలిస్తే చెమటలు, వణుకు, జ్వరం, కండరాలు బిగుసుకుపోవుడు రావచ్చు. డైక్లోఫెనాక్ కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతది. నొప్పికి పారాసిటమాల్ చాలు. మోకాళ్ళ నొప్పికని బయట ఏం గోలీలు మింగుతున్నరో ప్రతిసారి అడగాలె.

ఆల్ప్రాజోలామ్, క్లొనాజెపామ్. నిద్ర కోసమని రెండు వారాలకు రాస్తరు, రెండేండ్లు వాడుతరు. తప్పదనుకుంటే క్లొనాజెపామ్ 0.25 లేదా 0.5 రాత్రి పూట, ఆపే తేదీ చీటీ మీదనే రాయండి. తేదీ ఉంటే ఇచ్చేవాళ్ళం కూడా ఆ రోజుకి ఆపుతం. ఆల్ప్రాజోలామ్ షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా ఇయ్యొద్దు, రిజిస్టర్ మూడేండ్లు దాచాలె.

ఇంకోటి, మన దిక్కు పీహెచ్‌సీలల్ల తప్పక గుర్తుపెట్టుకోవాల్సింది: కల్తీ కల్లు. ఆల్ప్రాజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు ఏండ్ల తరబడి తాగిన మనిషికి దుకాణం బందయిన ఒకటి రెండు రోజులకే గాబరా, చెమటలు, చేతుల వణుకు, నిద్ర లేకపోవుడు మొదలైతయి. పీహెచ్‌క్యూ-9 వేస్తే స్కోరు ఎక్కువనే రావచ్చు. అది డిప్రెషన్ అని రాసుకుంటే తప్పు. ముందు "కల్లు తాగుతరా? ఆఖరిసారి ఎప్పుడు?" అని అడగండి. ఆడవాళ్ళని కూడా అడగండి, వాళ్ళని ఎవరూ అడగరు.

సైకియాట్రీ, విశాఖపట్నం

కల్లు సంగతి చాలా ముఖ్యం. అది బెంజోడయాజెపిన్ విత్‌డ్రాయల్ (ఆల్ప్రాజోలామ్, డయాజెపామ్ లాంటి మందు ఒక్కసారిగా ఆగినప్పుడు వచ్చే ఇబ్బంది), ఫిట్స్ రావచ్చు. వింతగా ప్రవర్తిస్తున్నాడని హాలోపెరిడాలో క్లోర్‌ప్రొమజినో మాత్రమే ఇస్తే ఫిట్స్ వచ్చే అవకాశం ఇంకా పెరుగుతుంది. తెలివిలో ఉండి, ఫిట్స్ లేకుండా ఉంటే డయాజెపామ్ 5 మి.గ్రా. రోజుకి మూడుసార్లతో మొదలుపెట్టి, వణుకు అదుపులోకి వచ్చాక వారానికో రెండు వారాలకో పదో వంతు నుంచి పావు వంతు వరకు తగ్గించుకుంటూ రండి. ఫిట్స్ వచ్చినా, ఎక్కడున్నాడో తెలియకపోయినా ఆస్పత్రికే పంపాలి. సారా, బ్రాందీ కూడా తాగేవాళ్ళైతే గ్లూకోజు పెట్టే ముందు థయమిన్ 100 మి.గ్రా. ఇంజక్షన్ ఇవ్వాలి, ఈ వరస తారుమారు కాకూడదు. పీహెచ్‌క్యూ-9ని రెండు నుంచి నాలుగు వారాలాగి వెయ్యండి, అప్పుడొచ్చే స్కోరే నిజమైనది.

ఏం పంపాలన్నదానికి: చెవిలో మాటలు, అనుమానాలు ఉన్నవాళ్ళు, బైపోలార్, కాన్పు తర్వాత మతి తప్పినట్టున్న తల్లి, పద్ధతి ఆలోచించుకున్న ఆత్మహత్య కేసు, ఎనిమిదో వారానికి కూడా స్కోరు సగానికి రాని డిప్రెషన్. మిగతావన్నీ మీ దగ్గరే ఉంచుకోవచ్చు, అనుమానం వస్తే ఈ-సంజీవనిలో (ప్రభుత్వ టెలీమెడిసిన్) అడగండి. అత్యవసరమైతే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కింద ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా మనిషికి గానీ చుట్టుపక్కలవాళ్ళకి గానీ ప్రాణహాని తప్పించడానికి 72 గంటల వరకు వైద్యం చెయ్యొచ్చు. నామినీ (రోగి తరఫున నిర్ణయం తీసుకునే ప్రతినిధి) అక్కడ ఉంటే ఆయన ఒప్పుకోలు తీసుకోవాలి.

మెడికల్ ఆఫీసర్, నల్గొండ జిల్లా

అందరికీ ధన్యవాదాలు. ఒక్కటి మిగిలింది. 68 ఏళ్ళావిడ, బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతున్నారు, పీహెచ్‌క్యూ-9 స్కోరు 16. ఎస్సిటాలోప్రామ్ ఇవ్వొచ్చా? ఇంకా, రెండో విజిట్‌కి రప్పించే రిజిస్టర్ ఎలా ఉండాలి?

సైకియాట్రీ, విశాఖపట్నం

ఇవ్వొచ్చు, కానీ హైడ్రోక్లోరోథయజైడ్ అనే ఆ నీటిమాత్రతో కలిస్తే సోడియం పడిపోవచ్చు, ఈ వయసు ఆడవాళ్ళలో మరీను. వీలైతే థయజైడ్ మార్చి ఆమ్లోడిపిన్ ఇవ్వండి. మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండో వారంలో ఒకసారి సోడియం చూడండి. 5 మి.గ్రా. తో మొదలు, ఆమె వయసుకి 10 దాటొద్దు, ఈసీజీలో క్యూటీ (గుండె లయ తప్పే ముప్పు తెలిపే కొలత) చూసుకోండి. కొత్తగా మగతగా ఉన్నా, తడబడి పడిపోయినా ముసలితనం అనుకోకుండా ఆ రోజే మందు ఆపి సోడియం చేయించమని ఇంటివాళ్ళకి చెప్పండి.

ఎంఎల్‌హెచ్‌పీ, పశ్చిమ గోదావరి

రిజిస్టర్ వేరేగా వద్దు సార్. బీపీ, షుగర్ వాళ్ళు వచ్చే ఎన్‌సీడీ రోజునే వీళ్ళనీ రమ్మనండి, మాత్రలు ఆ వరసలోనే తీసుకుంటారు, ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆశా అదే ఊరి మనిషి కాబట్టి ఆమెకిచ్చే జాబితాలో జబ్బు పేరు ఉండకూడదు, "ఫలానా తేదీకి రావాలి" అని మాత్రమే ఉండాలి. మీ దగ్గరుండే పుస్తకంలో మొదటి స్కోరు, తొమ్మిదో ప్రశ్న మార్కు, మందు, మొదలైన తేదీ, ఏడో రోజు ఫోన్, రెండో వారం, నాలుగో వారం స్కోరు, ఎనిమిదో వారం స్కోరు ఒకే వరసలో ఉండాలి. తొమ్మిదో ప్రశ్నలో 1 అయినా ఉన్నవాళ్ళ వరస పక్కన ఎర్ర చుక్క పెట్టండి. శనివారం ఆఖరి అరగంట పుస్తకం తెరిచి, తేదీ దాటినా ఖాళీగా ఉన్న గడులు చూసి ఫోన్ చెయ్యాలి, ఎర్ర చుక్కలకి ముందు. "ఎందుకు రాలేదు" అని కాదు, "మందు వేసుకున్నాక కడుపులో తిప్పిందా అమ్మా" అని అడగండి. తిప్పిందనే అంటారు, అన్నం తిన్నాక వేసుకోమని చెప్పి వచ్చే మంగళవారం రమ్మనండి.