పాత స్ట్రెయిట్ రేజర్ (మడిచే మంగలికత్తి) స్టెయిన్‌లెస్సా, కార్బన్ ఉక్కా: అయస్కాంతం తేలుస్తుందా?

నురగ: ముద్ర అరిగిపోయిన రేజర్‌కి అయస్కాంతం చాలని నా వాదన. అంటుకుంటే కార్బన్, అంటుకోకపోతే స్టెయిన్‌లెస్. కత్తికి మరక కూడా పడదు. ఆసిడ్ చుక్కలు వేసి పరీక్షించడం ఎందుకు?

సానరాయి: ఇక్కడ అయస్కాంతం ఏమీ చెప్పదండి. అంటుకోని స్టెయిన్‌లెస్ అంటే గిన్నెలకు వాడే, నికెల్ ఎక్కువున్న రకం. కాల్చి ముంచినా అది గట్టిపడదు, పదును నిలవదు. రేజర్‌కి వాడేది సుమారు 13 శాతం, ఆపైన క్రోమియం ఉండి, కాల్చి ముంచితే గట్టిపడే రకం. అదీ కార్బన్ ఉక్కులాగే అయస్కాంతానికి అతుక్కుంటుంది.

పాత ఉక్కు: ముందు భూతద్దంతో ముద్ర వెతకండి. ‘రోస్ట్‌ఫ్రై’, ‘ఇనాక్స్’, ‘ఫ్రియోడూర్’ ఉంటే స్టెయిన్‌లెస్. ‘సిల్వర్ స్టీల్’ చూసి మోసపోవద్దు, అది కార్బన్ ఉక్కే. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో లోహ నిపుణుడు హ్యారీ బ్రియర్లీ స్టెయిన్‌లెస్ పోత పోసింది 1913లో. కత్తి అంతకుముందుదని తేలితే పరీక్షే అక్కర్లేదు. ముద్ర లేకపోతే కత్తిని పిడికి బిగించే పిన్ను చుట్టూ, పిడి లోపల చూడండి. అక్కడ నీలిబూడిద రంగు పొర, నల్ల మచ్చలు ఉంటే కార్బన్. సేకరణకు విలువైన కత్తి మీద ఆసిడ్ వేయడం నాకు సమ్మతం కాదు.

సానరాయి: బఫింగ్ చేసిన (రుద్ది మెరుగు పెట్టిన) కత్తికి ఆ పొర మిగలదు కదా. అప్పుడు మైలుతుత్తం నీళ్లే దారి. కత్తి మూసినప్పుడు పిడి చాటున ఉండే మొదలు భాగాన్ని స్పిరిట్‌తో తుడిచి, జిడ్డు పూర్తిగా పోయాక ఒక్క చుక్క వేయండి. కార్బన్ ఉక్కయితే కొద్ది క్షణాల్లోనే రాగి రంగు పట్టేస్తుంది. స్టెయిన్‌లెస్ మీద క్రోమియం పొర అడ్డుకుంటుంది, రంగు రాదు. వెనిగర్ కూడా పనిచేస్తుంది గానీ బూడిద మచ్చ రావడానికి పది నిమిషాలైనా పడుతుంది. జిడ్డు మిగిలితే రెండూ తప్పే చెబుతాయి.

తోలుపట్టీ: ఒక జాగ్రత్త. జిడ్డు తీయడానికి అసిటోన్ వాడొద్దు, సెల్యులాయిడ్ పిడి కరిగిపోతుంది. అంతకంటే ముఖ్యం నికెల్ పూత. కార్బన్ కత్తికి పూత ఉంటే చుక్క దాని మీదే పడి రంగు రాదు, స్టెయిన్‌లెస్ అనుకుంటాం. పూత పొరలుగా లేస్తుంది, దాని కింద తుప్పు కనిపిస్తుంది. అలాంటి కత్తికి సాన పట్టిన అంచు దగ్గరే అసలు లోహం బయటపడి ఉంటుంది.

పాత ఉక్కు: అంచు మీద చుక్కా? అంత పలచటి చోట తుప్పు గుంట పడితే పదునే పోతుంది.

తోలుపట్టీ: సాన పట్టకముందే, మడమ మూల (పిడి వైపున్న అంచు చివర) మీద మాత్రమే, అగ్గిపుల్ల కొనతో. వెంటనే సోడా ఉప్పు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. తర్వాత ఎలాగూ సాన పడతారు, ఆ మచ్చ అందులో పోతుంది. సానకు సిద్ధంగా లేని కత్తికి ఇది చేయకండి.

నురగ: అయస్కాంతం మాట వెనక్కి తీసుకుంటున్నాను. ముద్ర, పిన్ను చూశాకే మైలుతుత్తం, అదీ మొదలు భాగం మీదే. అంచు మీద చుక్క విషయంలో మాత్రం పాత ఉక్కు గారితోనే ఉంటాను.