కీళ్లవాతానికి గోధుమలు, పాలు మానేస్తే గుణం కనిపిస్తుందా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి):
నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) వచ్చి నాలుగేళ్లయింది. దానికి వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకుంటున్నాను. ఉదయం లేచిన గంట వరకు కాఫీ గ్లాసు గట్టిగా పట్టుకోలేను. ఆరు వారాలు గోధుమలు, పాలు మానేసి రాగి జావ, జొన్న రొట్టె తిన్నాను. కడుపు తేలికైంది, వేళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఎవరో చెప్పారని వంకాయ, టమాటా కూడా మానేశాను. ఇంట్లో రోజూ రెండు వంటలు చేయలేక అలసిపోతున్నాను. మీలో ఎవరికైనా నిజంగా తగ్గిందా?

జవాబు (పెదవాల్తేరు):
అమ్మా, అన్నీ ఒకేసారి మానకండి, ఏది పడలేదో తేలదు. ఒక్కటే కొన్ని వారాలు ఆపి, మళ్లీ తిని, ఉదయం వేళ్లు ఎన్ని నిమిషాలు బిగుసుకున్నాయో రాసుకోండి. వంకాయ, టమాటా కీళ్లకు చేటు అనడానికి గట్టి ఆధారం లేదు. నేను ఫిషింగ్ హార్బరులో కవళ్లు (సార్డిన్ చేపలు) కొని వారానికి రెండుసార్లు పులుసు పెడతాను. వాటిలో ఒమేగా-3 కొవ్వులుంటాయి. నాకు నొప్పి కొంత తగ్గింది. మందు మాత్రం ఒక్క వారమూ ఆపలేదు, మీరూ ఆపకండి.

జవాబు (గాజువాక):
గోధుమలు మానకముందే సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడని జబ్బు) రక్తపరీక్ష చేయించుకోవాలి. మానేశాక చేస్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు. మా చెల్లి అందుకే మళ్లీ కొన్ని వారాలు చపాతీలు తిని పరీక్షకు వెళ్లింది. పాలు మానితే రాగులు వదలకండి, ఎముకలకు క్యాల్షియం కావాలి.

ప్రశ్న అడిగినవారు:
ఆ పరీక్ష సంగతి నాకెవరూ చెప్పలేదండీ. సోమవారం డాక్టరుగారిని అడుగుతాను. వంకాయలు సాయంత్రమే రైతు బజారు నుంచి తెచ్చుకుంటాను.