దయ్యం తిరిగే గోదాములో మళ్లీ డ్యూటీకా? హీరోయిన్‌కు తెలివి లేదా, రచయితకు ఓపిక లేదా?

నల్లగొండ పాఠకుడు
ఈ మధ్య చదివిన దయ్యం నవల గురించే అంటున్నా. చదవనివాళ్లకు కథ రెండు ముక్కల్లో: పెద్ద గోదాము, నైట్ షిఫ్టు. మూసేసిన మూడో అంతస్తు నుంచి ఇంటర్‌కమ్ మోగుతుంది. పోయినేడు చనిపోయిన వాచ్‌మన్ సీసీ కెమెరాలో నడుస్తుంటాడు. సూపర్‌వైజరమ్మ ఎవరికీ చెప్పదు, టార్చి పట్టుకుని ఒక్కతే పైకి పోతుంది. ఎట్లనో బతికి బయటపడి, రాత్రి కాగానే మళ్లీ డ్యూటీకి తయారు! పుస్తకం విసిరికొట్టాలనిపించింది.

పాలమూరోడు
డ్యూటీకి రాక ఏం చేస్తది అన్నా? మూడు నెలల జీతం ముందే వాడుకుందని రెండో అధ్యాయంలోనే ఉంది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి, పుణె పోయిన మా పాలమూరు లేబర్‌ను అడుగు, మధ్యలో వదిలేసి రావడం ఎంత తేలికో చెప్తారు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. సరే, బిడ్డ పెళ్లికి ఖర్చయిపోయిన అడ్వాన్సు ఎవరు కట్టాలె? దయ్యం కన్నా మేస్త్రీ ఫోన్‌కే ఎక్కువ భయం.

మిర్యాలగూడ మిల్లు
ఒక్కతే పోవడం గురించి నేను చెప్తా. రైస్ మిల్లులో నైట్ ఆపరేటర్‌ను. వడ్లను పైకి ఎత్తిపోసే ఎలివేటర్ జామైతే వడ్లు కింద కుప్పపడతాయి, తర్వాత ఎత్తిపోసుకోవాల్సింది మనమే. తోడు రమ్మని పిలిచినా ఆ మోతలో ఎవరికీ వినపడదు. టార్చి తీసుకుని పోతాం. చీకట్లో ఎవరో నిలబడ్డట్టు కనిపిస్తే ఊక దుమ్మే అనుకుంటాం, అంతే.

నాగర్‌కర్నూల్
2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. లోపలివాళ్లు ముందు మంటలు ఆర్పడానికే చూశారు. దయ్యం కథతో దాన్ని పోల్చడం లేదు. కానీ పని చేసే చోటును వదిలి ఉరకడం మనం ఇంట్లో కూర్చుని అనుకున్నంత సులువు కాదు.

నల్లగొండ పాఠకుడు
ఉండనీ, పైకి పోనీ. మరి దాచడం? శ్రీశైలంలో ప్రమాదాన్ని ఒకరి దగ్గర ఒకరు దాచుకోలేదు కదా. ఈమె కళ్లారా చూసి కూడా నోరు మూసుకుంది, పైగా కొత్తగా చేరిన పిల్లగాణ్ణి అదే అంతస్తుకు స్టాక్ లెక్కపెట్టమని పంపింది. దీనికీ అడ్వాన్సుకూ ఏం సంబంధం? నాలుగో అధ్యాయంలో రచయితకు ఒక చావు కావాలి. ఆ పిల్లగాడు దొరికాడు.

సూర్యాపేట అక్క
దాచడం నాకు అర్థమైంది తమ్ముడూ. దయ్యం కనపడిందని ఆడమనిషి చెప్తే, నైట్ డ్యూటీకి పనికిరాదని పగటికి మార్చేస్తారు. నైట్ అలవెన్సు పోతుంది, నవ్వులపాలు అదనం. పిల్లగాణ్ణి పంపడం దగ్గర మాత్రం నేను నీ వైపే. నిజం చెప్పకపోయినా “లిఫ్టు చెడిపోయింది, స్టాక్ రేపు చూద్దాం” అంటే సరిపోయేది. ఆ చిన్న అబద్ధం నోటికి రాని సూపర్‌వైజర్‌ను నా సర్వీసులో నేనైతే చూడలేదు.