‘అడిక్టివ్’కి తెలుగులో ఏం రాయాలి? ‘వ్యసనం’ అని రాసి ఇంట్లో ఇరుక్కున్నాను

తర్జుమారాణి:
అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా ఇంట్లో కూర్చుని మందుల కరపత్రాలు, యాప్‌ల వివరణలు తెలుగు చేస్తున్నాను. ఈమధ్య ఒక నిద్రమాత్ర కరపత్రంలో ‘మే బీ హ్యాబిట్ ఫార్మింగ్’ అని వచ్చింది. ఎప్పటిలాగే ‘వ్యసనం కలిగించవచ్చు’ అని రాసేశాను. అదే వారం ఒక పజిల్ గేమ్ వివరణలో ‘అడిక్టివ్’ అని ఉంటే, దానికీ ‘వ్యసనకారి’ అనే పెట్టాను. క్లయింటు ఫోన్ చేసి, “మేడమ్, వాళ్లు ఆ గేమ్‌ని పొగుడుతున్నారండీ. మీరు రాసింది చదివితే పోలీసులకి పట్టివ్వాలనిపిస్తోంది” అన్నాడు.

అది నవ్వుకుని సర్దుకున్నాను. అసలు తంటా ఇంట్లో వచ్చింది. మా అత్తయ్య కొన్ని నెలలుగా నిద్రకి మాత్ర వేసుకుంటున్నారు. నేను ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టిన కాగితాన్ని ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు. ఆ రాత్రి మాత్ర, మంచినీళ్లు ఇవ్వబోతే గ్లాసు పక్కకి నెట్టి, “వద్దమ్మా. డెబ్బై ఏళ్లొచ్చాక నన్ను వ్యసనపరురాలిని చేస్తారా?” అన్నారు. కళ్లనిండా నీళ్లు. మర్నాడు డాక్టరు గారితో ఫోన్లో మాట్లాడించి ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

నా ప్రశ్న ఇది. అలవాటు చేసేసే గుణం వస్తువుకి ఉందని చెప్పాలి, మనిషిని తిట్టినట్టు ఉండకూడదు. మీరైతే ఏం రాస్తారు? ఇంకోటి, మావాడు “ఆ గేమ్‌కి నేను అడిక్టివ్ అయిపోయా” అంటాడు. అది తప్పని తెలుసు కానీ వాడికి అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నాను.

పాతపుటలు:
అమ్మా, మీ అత్తగారు మాటని సరిగ్గానే పట్టుకున్నారు. వ్యసనం మొదట్నుంచీ మనిషి మీద వేసే నింద. మనుస్మృతిలో రాజుకి ఉండకూడని వ్యసనాలు చెప్పారు, కామం వల్ల పుట్టేవి 10, కోపం వల్ల పుట్టేవి 8. వాటిలో మరీ చెడ్డవని ఏరినవి ఏడు: తాగుడు, జూదం, స్త్రీలోలత్వం, వేట, కఠినంగా మాట్లాడటం, కఠినంగా దండించడం, డబ్బు విషయంలో అన్యాయం. మనం సప్తవ్యసనాలు అనేది వీటినే. నోటిదురుసు కూడా ఉంది చూశారా! మద్యం తప్పు, పాచికల తప్పు అన్న ఊసే లేదు. అన్నీ మనిషి చేసే పనులే. అన్నట్టు ఆ పదింట్లో పగటినిద్ర కూడా ఉంది. మీ అత్తగారికి మాత్రం చెప్పకండి.

ఇంకా వెనక్కి వెళ్తే వ్యసనానికి ఆపద, దుఃఖం అనే అర్థాలున్నాయి. అర్థశాస్త్రంలో ఎనిమిదో అధికరణం పేరే వ్యసనాధికారికం. అందులో రాజుకి, మంత్రికి, కోశానికి వచ్చే చిక్కుల లెక్క ఉంటుంది. తెలుగు బైబిల్ 37వ కీర్తనలో ‘వ్యసనపడకుము’ అంటే చెడ్డవాళ్లని చూసి కుమిలిపోవద్దని. అక్కడ అలవాటు ప్రసక్తే లేదు.

ఇంగ్లీషు మాట చరిత్ర కూడా ఇలాంటిదే. రోమన్ల చట్టంలో, బాకీ తీర్చలేనివాణ్ణి అప్పిచ్చినవాడి చేతికి అప్పగిస్తే వాణ్ణి ‘అడిక్టస్’ అనేవారు. తాగుడుకి బానిస అని మనం అంటున్నదీ ఆ బొమ్మే.

ఫార్మసీలో_పదేళ్లు:
అక్కా, ముందు మాట సంగతి కాదు, మాత్ర సంగతి. నిద్రమాత్రల్లో కొన్ని రకాలు నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపేస్తే ఉన్న నిద్ర కూడా పోతుంది. కంగారు, చేతుల వణుకు వస్తాయి, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. ఆపాలంటే డాక్టరే కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మీరు రాసిన ఒక్క మాటకి ఆవిడ మానేయబోయారు చూడండి, అందుకే చెప్తున్నా.

ఈ గొడవ డాక్టర్లకీ ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1957లో అడిక్షన్ (వ్యసనం) వేరు, హ్యాబిచుయేషన్ (అలవాటు పడటం) వేరు అని విడదీశారు. ఆ గీత నిలవలేదు. 1964లో రెంటినీ పక్కనపెట్టి ‘డిపెండెన్స్’ అనమన్నారు, అంటే ఆధారపడటం. కాబట్టి కరపత్రంలో నేనైతే ఇలా రాస్తా: “ఎక్కువ రోజులు వాడితే శరీరం ఈ మందుకు అలవాటు పడిపోవచ్చు. డాక్టరుని అడగకుండా ఒక్కసారిగా మానకండి.” అలవాటు పడేది శరీరం, మనిషి గుణం జోలికి పోలేదు. రెండో వాక్యం లేకుండా మొదటిది ఒక్కటే పెట్టకండి, ప్లీజ్.

బీపీ మాత్ర రోజూ వేసుకోవడాన్ని కూడా అలవాటైపోయింది అంటుంటారు. అది అవసరం. దానికీ దీనికీ పోలిక లేదు. పొగాకు మాటకొస్తే మాత్రం నేను వ్యసనం అనే అంటా. నికోటిన్ అడిక్టివ్ అని 1988లోనే అమెరికా సర్జన్ జనరల్, అంటే అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య పెద్ద, ఇచ్చిన నివేదిక తేల్చేసింది.

మప్పితం:
మరుగు, మప్పు అని రెండు మాటలుండగా ఎవరికీ గుర్తు రాలేదేం? మరగడం అలవాటు పడ్డవాడి పని: రక్తం మరిగిన పులి, రుచి మరిగిన పిల్లి. మప్పడం అలవాటు చేసినవాడి పని. మా నాయనమ్మ “వీడికి ఫోను మప్పిందెవరే?” అని అరిస్తే మా అమ్మా నాన్నా ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకునేవాళ్లు. మీ అబ్బాయికి ఇలా చెప్పండి: మప్పేది అడిక్టివ్, మరిగినవాడు అడిక్ట్. గేమ్ అడిక్టివ్, నువ్వు అడిక్ట్‌వి. రెండు రోజుల్లో పట్టుబడుతుంది.

కరపత్రంలో మాత్రం వాడకండి. “శరీరం మందుకు మరగవచ్చు” అని చదివితే జ్వరం వస్తుందేమో అనుకుంటారు.

తర్జుమారాణి:
మప్పితం గారూ, మావాడికి చెప్పాను. “అయితే నాకు మప్పింది నువ్వే, నీ పాత ఫోనే కదా” అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

ఫార్మసీ తమ్ముడూ, నీ రెండు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టు పెట్టేశాను. పంపే ముందు అత్తయ్య చేత చదివించాను. రెండుసార్లు చదివి, “ఇదైతే ఫర్వాలేదు, శరీరం కదా” అన్నారు. తర్వాత ‘ఒక్కసారిగా’లో నేను వదిలేసిన క వత్తు చూపించారు.

గేమ్‌కి ‘మొదలుపెడితే ఆపలేరు’ అని పంపాను. క్లయింటుకి నచ్చింది కానీ ఆ గడిలో అంత పొడుగు పట్టదట. ఇంకా కురచగా ఎవరికైనా తడితే చెప్పండి, రేపు సాయంత్రం లోపు ఇవ్వాలి.