స్లోవాక్ పిల్లలకి చెక్ కార్టూన్లు సరిపోతాయా?

బ్రాటిస్లావా_నాన్న:
మా పాపకి నాలుగున్నరేళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో స్లోవాక్. మొన్న గోడ మీద పిల్లిని చూసి "కోచ్కా! కోచ్కా!" అని గంతులేసింది. పక్కింటి పెద్దావిడ దగ్గరికొచ్చి "మాచ్కా" అని మెల్లగా దిద్దింది. కోచ్కా చెక్ మాట, మాచ్కా స్లోవాక్ మాట. మా ఇంట్లో చెక్ మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. ఆ మాట టీవీలోంచి వచ్చింది, మినిమాక్స్ ఛానల్ నుంచి.

మినిమాక్స్ 1999లో హంగరీలో మొదలైన పిల్లల యానిమేషన్ ఛానల్. తర్వాత చుట్టుపక్కల దేశాలకీ వెళ్లింది. హంగరీలో హంగేరియన్‌లో మాట్లాడుతుంది, రొమేనియాలో రొమేనియన్‌లో, సెర్బియాలో సెర్బియన్‌లో. స్లోవాకియాకి వచ్చేసరికి చెక్‌లో మాట్లాడుతుంది. ఈ దేశానికి సొంత భాష ఉంది, 54 లక్షల జనం ఉన్నారు. వాళ్ల పిల్లలకి మాత్రం పక్క దేశం మాట చాలనుకున్నారు. ఇది తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

ప్రాగ్_పద్మ:
అన్నా, ఇక్కడి చరిత్ర కూడా చూడాలి. 1992 చివరి వరకు చెక్, స్లోవాకియా రెండూ ఒకే దేశం. ఒకే టీవీలో కాసేపు చెక్, కాసేపు స్లోవాక్ వినబడేవి. చిన్నప్పటి నుంచి వింటూ పెరిగారు కాబట్టి పెద్దవాళ్లు ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకున్నా అర్థమైపోతుంది. నా ఆఫీసులో రోజూ చూస్తుంటాను, అనువాదం అన్న మాటే రాదు. ఆ అలవాటు పోకుండా కాపాడుతున్నది ఈ కార్టూన్లే. పాప ఒక మాట ఎక్కువ నేర్చుకుంది, అంతే కదా.

నిజామాబాద్_రవి:
మావాడు హిందీ కార్టూన్లు చూసే హిందీ నేర్చుకున్నాడు. మాకు మంచే జరిగింది. ఇందులో టెన్షన్ పడాల్సింది ఏముంది?

డబ్బింగ్_గది:
నేను హైదరాబాద్‌లో కార్టూన్లకి తెలుగు మాటలు రాస్తాను. ఖర్చు సంగతి చెబుతాను, ఎందుకంటే అసలు చిక్కంతా అక్కడే ఉంది. మాకు బొమ్మ వస్తుంది, సంగీతం, చప్పుళ్లు ఉన్న ట్రాక్ విడిగా వస్తుంది. మాటల చోటు ఖాళీగా ఉంటుంది. దాన్ని మేం నింపాలి. పాత్ర పెదవులు మూసుకున్న చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. నోరు ఆగాక మాట మిగలకూడదు. పాట ఉంటే ఆ ఒక్క నిమిషానికే ఒక పూట పోతుంది. ఆ తర్వాత గొంతులు, స్టూడియో, మిక్సింగ్. చూసేది 54 లక్షల మంది అయినా 8 కోట్ల మంది అయినా ఈ పని ఒకటే, తగ్గదు. అందుకే చిన్న భాష దగ్గర లెక్క కుదరదు. కోటి మందికి పైగా మాట్లాడే చెక్‌లో ట్రాక్ చేతిలో ఉండగా ఇంకొకటి చేయించడానికి కంపెనీకి మనసు రాదు.

బ్రాటిస్లావా_నాన్న:
లెక్క అర్థమైంది. అయితే స్లోవాకియా ఈ లెక్కని మార్కెట్‌కి వదిలేయలేదు. 1995 నాటి రాజ్యభాష చట్టంలో, 12 ఏళ్లలోపు పిల్లల కోసం తీసిన విదేశీ కార్యక్రమాలని స్లోవాక్‌లోకి డబ్ చేయాలని రాశారు. పెద్దవాళ్లు చూసే సినిమాకి సబ్‌టైటిల్ చాలు, చదవడం రాని పిల్లలకి అది పనికిరాదు కదా. నాకు ఈ నియమం చాలా నచ్చింది.

కానీ యూరోపియన్ యూనియన్‌లో ఛానల్ ఏ దేశం పరిధిలో ఉంటే ఆ దేశం నియమాలే దానికి వర్తిస్తాయి, చూసే దేశంవి కావు. స్వీడన్‌కి ఇదే ఎదురైంది. అక్కడ 12 ఏళ్లలోపు పిల్లల కోసం టీవీ ప్రకటనలు వేయకూడదు. బ్రిటన్ నుంచి వచ్చే ఛానల్‌ని ఆ నిషేధంతో ఆపలేరని 1997లో యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది. పిల్లల కోసం ఒక దేశం కట్టిన గోడ సరిహద్దు దగ్గరే ఆగిపోతోంది. నాకు బాధ కలిగించేది అదే.

రవి గారూ, మీ వాడి చుట్టూ తెలుగు ఉంది. బడిలో, బజారులో, అమ్మమ్మ ఇంట్లో అంతా తెలుగే. మా పాపకి స్లోవాక్ దొరికేది బడిలో కొన్ని గంటలు, తర్వాత టీవీలో. ఆ టీవీ కూడా వేరే భాష మాట్లాడితే ఎలా?

ప్రాగ్_పద్మ:
మీ పాప విషయంలో ఒప్పుకుంటాను. ఇంకొకటి కూడా నిజాయితీగా చెప్పాలి. మా అమ్మాయి క్లాసులో చెక్ పిల్లలకి స్లోవాక్ సరిగ్గా అర్థం కావడం లేదు. స్లోవాక్ పిల్లలకి చెక్ బాగానే వస్తుంది. టీవీలో స్లోవాక్ వినే అవకాశం ఇక్కడి పిల్లలకి తక్కువ.

బ్రాటిస్లావా_నాన్న:
నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పారు పద్మగారూ. వినడం రెండు వైపులా ఉంటే నాకు ఏ పేచీ లేదు. ఇప్పుడు ఒక వైపే ఉంది. మా కేబుల్ ఆపరేటర్‌కి స్లోవాక్ ఆడియో ట్రాక్ కావాలని ఉత్తరం రాస్తున్నాను. నా స్లోవాక్‌లో తప్పులు పక్కింటావిడ దిద్దుతోంది. ఒక్క ఉత్తరంతో ఏమీ కాదని తెలుసు, అందుకే బడిలో మిగతా తల్లిదండ్రుల సంతకాలు కూడా అడుగుతున్నాను. అక్కడ చెక్ పిల్లలకి కూడా స్లోవాక్ ట్రాక్ ఇవ్వమని మీరూ ఒకటి రాస్తారా?