కళాసంస్థను నడపడం కాలేజీలో నేర్పే విద్యేనా?

సభ కార్యకర్త, మర్రిపాలెం:
మాది విశాఖలో ఒక చిన్న నాట్యసభ. 20 ఏళ్లకు పైగా ఒకే కార్యదర్శి గారు నడిపారు. హాలు బుకింగ్, దాతల ఇళ్లకు తిరగడం, మైకు సెట్టు వాళ్లకి అడ్వాన్సు, పోలీసు పర్మిషన్, పై ఊరి కళాకారులకు బస, భోజనం, అన్నీ ఆయనే చూసేవారు. పోయిన ఏడాది కాలం చేశారు. బ్యాంకు చెక్కుల మీద సంతకం పెట్టాల్సిన ఇద్దరిలో ఒకరు ఆయన. రెండోవారు ఎప్పుడో అమెరికా వెళ్లిపోయారు. ఏటా సొసైటీల రిజిస్ట్రార్‌కి ఇవ్వాల్సిన కమిటీ జాబితా ఆరేళ్లుగా ఇవ్వలేదు. దాతల నంబర్లన్నీ ఆయన ఫోన్‌లోనే ఉండిపోయాయి. డబ్బుండీ వార్షికోత్సవం చేయలేకపోయాం. ఏడాదంతా సాధన చేసిన పిల్లలు గజ్జెలు కట్టకుండానే ఇంటికెళ్లారు.

ఆంధ్రా యూనివర్సిటీలో నాటకానికి, సంగీతానికి విభాగాలున్నాయి. వాటి పక్కనే కళాసంస్థల నిర్వహణకూ ఒక కోర్సు పెట్టమని మనందరం కలిసి అడగాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

పరిషత్తు నటుడు:
నేను నాటక పోటీలు జరిపే పరిషత్తుల్లో ఆడేవాణ్ని, ఒప్పుకోనండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన నాటక సమాజం ఏ డిగ్రీతో నడిచింది? తెరలు, సెట్లు, లైట్లు, ఊరూరా మకాంలు, వంట, పిల్లల పెంపకం అన్నీ కుటుంబమే చూసుకుంది. వంద దాటి ఇన్నేళ్లయినా ఆ పేరు నిలిచే ఉంది. మీరన్న కోర్సు చదివినవాడు వస్తే మొదట అడిగేది "జనం ఎంతమంది వస్తారు?" అని. హరికథకు అరవై మందే వస్తారు, సినిమా పాటల విభావరికి హాలు నిండుతుంది. ఇక హరికథ ఎవరు పెడతారు? పైగా ఉన్న కొద్ది డబ్బులో అతనికి జీతం ఎక్కడి నుంచి తెస్తారు? మీ కార్యదర్శి గారికి పక్కన ఒక కుర్రాణ్ని పెట్టి ఉంటే సరిపోయేది.

ద్వారకానగర్ ఆడిటర్:
రెండేళ్ల కోర్సు అక్కర్లేదు, మూడు ఆదివారాలు చాలు. నా దగ్గరికొచ్చే సభలకు తెలియనివి ఇవే. సంప్రదాయ, జానపద సంగీత నృత్య నాటకాలకు కళాకారుడు ఒక ప్రదర్శనకు తీసుకునే పారితోషికం లక్షన్నర లోపుంటే దానికి జీఎస్టీ లేదు. కచేరీ, నాటకం టికెట్ 500 రూపాయలు దాటకపోతే దానికీ లేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. అందుకు అర్హమైన పనుల జాబితాలో కళలు, సంస్కృతి ఉన్నాయి. ఇన్ని భారీ పరిశ్రమలున్న ఊరు మనది. అయినా సభల వాళ్లు శాలువా పట్టుకుని ముఖ్య అతిథి చుట్టూ తిరుగుతారు తప్ప ఆదాయపు పన్ను శాఖ దగ్గర ధార్మిక సంస్థగా నమోదు, దాతకు పన్ను రాయితీ వచ్చే అనుమతి (1961 చట్టంలో 12ఎ, 80జి అనేవి) తీసుకోరు. అవి లేకపోతే కంపెనీ వాడికి ఇవ్వాలని ఉన్నా ఈ పద్దు కింద ఇవ్వలేడు.

సభ కార్యకర్త, మర్రిపాలెం:
ఆడిటర్ గారూ, ఇందులో సగం నాకు ఈరోజే తెలిసింది. నమస్కారం.

నటుడు గారూ, సురభి పేరెత్తారు కాబట్టి చెబుతాను. వాళ్లు చదువు లేకుండా నడిపారని నేను అనుకోను. పుట్టిన బిడ్డ తెరల మధ్యే పెరిగి, తెర లాగడం, రంగు వేయడం, సామాను కట్టడం, పద్దు రాయడం పెద్దలను చూసి నేర్చుకునేది. అంతకన్నా కఠినమైన శిక్షణ ఏ కాలేజీలో ఉంది? మా సభలో ఎవరి పిల్లలు వాళ్ల ఉద్యోగాలకు పోయారు. ఇంట్లో నేర్పే దారి లేనప్పుడు బయట ఒక దారి ఉండాలి కదా.

ఇంకో మాట. 1966లో బామోల్, బోవెన్ అనే ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు ప్రదర్శన కళల లెక్కలు తీశారు. ఫ్యాక్టరీలో యంత్రం వస్తే అదే మనిషి గంటకు పదింతలు సరుకు తీస్తాడు. నలుగురు వాయించాల్సిన కచేరీకి ఆనాడూ ఈనాడూ నలుగురే కావాలి, అంతసేపూ వాయించాలి. బయట జీతాలు పెరిగేకొద్దీ కళకయ్యే ఖర్చూ పెరుగుతుంది, టికెట్ల మీద మాత్రం అది తిరిగి రాదు. ఇది చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది. ఏటా లోటు చూపించలేక కార్యదర్శి గారు సొంత డబ్బు వేసేవారు. తన చేతకానితనం అనుకుంటూనే పోయారు. హరికథకు అరవై మందే వస్తే దాన్ని ఎలా బతికించాలో తెలియాలనే నేను చదువు అడుగుతున్నాను.

తప్పెటగుళ్లు (జానపద నృత్య) కళాకారుడు, విజయనగరం దారి:
మా బృందం పదహారు మంది. విశాఖలో ఉత్సవాలకు పిలుస్తారు. పిలిచేది మధ్యవర్తి. ఎంతకు ఒప్పుకున్నాడో మాకు చెప్పడు. మధ్యాహ్నం రెండు గంటలకు రమ్మంటారు, రాత్రి తొమ్మిదికి పది నిమిషాలు ఆడమంటారు. డబ్బులు మూడు నెలలకి. మీ కోర్సులో ఒక్క పేజీ ఒప్పందం రాయడం నేర్పుతారా బాబూ? ఎంతసేపు ఆడాలి, ఎంతిస్తారు, ఎప్పుడిస్తారు, బండి ఎవరిది, అన్నం ఎవరిది. అది నేర్పితే నా ఓటు మీకే.

పరిషత్తు నటుడు:
ఆయన చెప్పింది మా నాటకాల వాళ్లకీ వర్తిస్తుంది. పరిషత్తుల్లో జనం చేత టికెట్ కొనిపించే అలవాటే చేయలేదు, ఆ తప్పు మాది. కానీ నేర్పేదెవరు? తెర వెనక ఒక్క రాత్రి కూడా నిలబడనివాడు పాఠం చెబితే నేను వినను.

సభ కార్యకర్త, మర్రిపాలెం:
నేనూ విననండి. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అనే సంస్థ, ఇండియా థియేటర్ ఫోరం, జునూన్ అనే నాటక సంస్థలతో కలిసి నాటక బృందాల కోసం స్మార్ట్ అనే శిక్షణ నడిపింది. పనిలో ఉన్న బృందాలకే నిర్వహణ నేర్పారు. మనకూ అలాంటిదే కావాలి. యూనివర్సిటీకి రాసే ఉత్తరంలో మొదటి షరతుగా ఇదే పెడతాను: ప్రతి విద్యార్థీ ఒక సీజనంతా ఏదో ఒక సభలో పని చేయాలి, పద్దు పుస్తకం అతని చేత్తో రాయాలి.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం గేటు దగ్గర ఉంటాను. ఆడిటర్ గారు తీరిక చేసుకుని రావాలి. తప్పెటగుళ్లు అన్నగారూ, మీకు బస్సు దూరం, ఆ ఐదు షరతులూ నాకు రాసి పంపండి, ఒప్పందం నమూనా వాటితోనే మొదలుపెడతాం. నటుడు గారూ, మీ దగ్గర పాత పరిషత్తు ఖర్చుల పుస్తకాలుంటే తీసుకురండి, చిరిగినవైనా సరే.