బాల్కనీలో చిక్కుడు పూయట్లేదు, రకం తప్పా చోటు తప్పా?

ఎంవీపీ_నాలుగోఫ్లోర్:

మాది విశాఖ ఎంవీపీ కాలనీ, తూర్పు వైపు బాల్కనీ. పొడవు 10 అడుగులు, వెడల్పు 4, అందులో ఒక మూల ఏసీ అవుట్‌డోర్ యూనిట్ తినేసింది. ఎండ పొద్దున్నే మొహమ్మీద కొడుతుంది, పదకొండున్నర దాటితే మళ్ళీ కనబడదు. కిందటి జూన్‌లో అమ్మ ఊరి నుంచి పంపిన చిక్కుడు గింజలు రెండు కుండీల్లో పెట్టాను. పెరగడానికేం లోటు లేదు, తీగ గ్రిల్ దాటి పై ఫ్లోర్ వాళ్ళ బట్టల తాడు దాకా పోయింది, పైనావిడ రెండుసార్లు దిగొచ్చి మర్యాదగానే చెప్పింది. పువ్వు మాత్రం లేదు. దసరా పోయింది, దీపావళి పోయింది, సంక్రాంతికి ఊళ్ళో అందరి పాదులూ విరగ్గాస్తుంటే నాది ఇంకా ఆకులే. ఏసీ వెనక ఇరుక్కున్న ఒక్క కొమ్మ మాత్రం మూడు గెలలు పూసి గుప్పెడు కాయలిచ్చింది, అదెందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

మొన్న వీడియో కాల్‌లో మా బావ దగ్గర ఇదే ఏడుపు ఏడిస్తే పకపకా నవ్వాడు. ఆయన ఉండేది కెనడా, ఒంటారియోలో. అక్కడ 2018 అక్టోబరు నుంచి ఇంటికి 4 గంజాయి మొక్కల దాకా పెంచుకోవచ్చు, ఈయన బేస్‌మెంట్‌లో చిన్న టెంట్ వేసి అదే పని. మొదటిసారి సటైవా రకం తెచ్చాడట, సన్నాకులతో పొడుగ్గా పెరిగేది. పూతకొచ్చేసరికి ఒక్కసారిగా సాగి లైటుకి తగిలి కొసలు మాడిపోయాయి. తర్వాత పొట్టిగా గుబురుగా ఉండే ఇండికా, ఇప్పుడేమో ఆటోఫ్లవర్ అంటున్నాడు. "ముందు సీలింగ్ కొలుచుకుని తర్వాత విత్తనం కొనాలి, నువ్వు విత్తనం వేసేసి చోటు వెతుక్కుంటున్నావ్" అన్నాడు. మాట బానే ఉంది. మరి నా బాల్కనీకి ఏ రకాలు సరిపోతాయో చెప్పండి, టమాటా కూడా కావాలి. ఇంకోటి, బావ మొక్కలు చూసి మా ఫ్రెండొకడు "ఒక్క మొక్కే కదా, మన దగ్గర మాత్రం ఎవడు చూస్తాడు" అంటున్నాడు, వాడికీ ఎవరైనా నాలుగు చీవాట్లు పెట్టండి.

పెదవాల్తేరు_డాబా:

మీ ఫ్రెండ్ సంగతి ముందు. వద్దంటే వద్దు. 1985 ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం, సెక్షన్ 20, గంజాయి మొక్క పెంచితే 10 ఏళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. చింతపల్లి కొండ మీద ఎకరమైనా ఎంవీపీలో కుండీ అయినా సెక్షన్ అదే. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు 2 లక్షల కిలోలు కుప్పపోసి తగలబెట్టారు, అంత పక్కన కూర్చుని ఎవడు చూస్తాడంటాడేంటి? చిక్కుడు తీగ తాడుకి తగిలితేనే పైనావిడ దిగొచ్చింది కదా.

సీతమ్మధార_అక్క:

తమ్ముడూ, ఒక మాట చెప్పు. రాత్రిపూట నీ బాల్కనీలో పేపర్ చదవగలిగేంత వెలుగుంటుందా?

ఎంవీపీ_నాలుగోఫ్లోర్:

ఉంటుందక్కా! ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్ళు దొంగల భయంతో టెర్రస్ మీద పెద్ద ఎల్‌ఈడీ పెట్టారు, తెల్లార్లూ వెలుగుతుంది. మేం కర్టెన్ వేసుకునే పడుకుంటాం.

సీతమ్మధార_అక్క:

దొరికాడు దొంగ. మన పాత తీగ చిక్కుడు రాత్రిని లెక్కపెట్టుకునే మొక్క. వర్షాకాలం పోయి రాత్రులు పొడుగైతేనే దానికి పూత బుద్ధి పుడుతుంది, అందుకే ఊళ్ళో సంక్రాంతికి కాస్తుంది. నీ ఇంట్లో దానికి రాత్రే పడట్లేదు. ఏసీ వెనక కొమ్మకి ఆ నీడలో కాస్త చీకటి దొరికింది, పూసింది. చామంతి తోటల్లో రైతులు రాత్రి బల్బులు వేసేది ఇందుకే, పూత ఆలస్యం చేసి గిరాకీ ఉన్నప్పుడు కోసుకుంటారు. వాళ్ళు కావాలని చేసేది నీకు ఎదురింటివాళ్ళు ఉచితంగా చేసిపెట్టారు.

మీ బావ మొక్కదీ అదే గుణం, మామూలు రకాలకి పూత రావాలంటే పొడుగు రాత్రి కావాలి. ఆటోఫ్లవర్ అంటే రుడెరాలిస్ అనే ఇంకో జాతితో కలిపింది, రాత్రి పొడుగుతో పని లేకుండా వయసొస్తే పూస్తుంది. చిక్కుడులోనూ అలాంటిది ఉంది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్ళ అర్కా జయ్ అడుగు, పొద చిక్కుడు, పందిరి అక్కర్లేదు, ఏ కాలంలో వేసినా పూస్తుంది. ఐఐహెచ్‌ఆర్ విత్తనాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పైనావిడతో గొడవా ఉండదు.

రుషికొండ_ఉప్పుగాలి:

చిక్కుడు గురించి అక్క చెప్పాక నేను చెప్పేదేం లేదు. టమాటా దగ్గర మాత్రం ఆశ తగ్గించుకో బ్రదర్. నీకొచ్చేది నాలుగైదు గంటల ఎండ, దానికి కనీసం ఆరు ఉండాలి. అయినా వేస్తానంటావా, ప్యాకెట్ మీద బొమ్మ చూసి చెర్రీ టమాటా కొనకు. అది చాలావరకు ఆగకుండా సాగే తీగే, నేను కొని మూడు నెలలు కర్రలు కట్టడమే పనైంది. కొంత ఎత్తుకి ఆగిపోయి గుబురుగా కాసే రకాలుంటాయి, పీకేఎం 1 లాంటివి, అవి అడుగు. వేసవికి మాత్రం అస్సలు వద్దు, మన దగ్గర మే నెల రాత్రి కూడా ఉక్కే కదా, ఆ వేడికి పుప్పొడి పనిచేయక పూత పూసినట్టే పూసి రాలిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరులో నారు పోస్తే చలికాలంలో నాలుగు కాయలు చూస్తావు.

గాలి సంగతి కూడా చూసుకో. మా ఇంటి ముందు సముద్రమే, బీరాకులు అంచుల నుంచి కాఫీ రంగుకి తిరిగి కరకరలాడేవి. నేను తెగులనుకుని వేపనూనె కొట్టీ కొట్టీ విసిగిపోయాను. చివరికి వేలితో రాసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా తగిలింది. ఇప్పుడు గ్రిల్‌కి అడుగున్నర ఎత్తు షేడ్ నెట్ కట్టాను, వారానికి రెండుసార్లు ఆకులు మంచినీళ్ళతో కడుగుతాను. మీది అంత దగ్గర కాకపోవచ్చు, అయినా నాలుగో ఫ్లోర్ గాలి గాలే, పొడుగు మొక్క ఏదైనా కుండీతో సహా పడుతుంది.

ఎంవీపీ_నాలుగోఫ్లోర్:

పడింది, ఒకసారి వంగ మొక్క పడింది, కింద పార్క్ చేసిన స్కూటీ మీద. ఆ కథ ఇక్కడ వద్దులే. అక్కా, మరి ఆ లైటు పడే మూల వదిలేయడమేనా?

సీతమ్మధార_అక్క:

వదిలేయడం ఎందుకు, గోంగూర వెయ్యి. అది కూడా రాత్రులు పొడుగైతే పూతకెళ్ళి ఆకు గిడసబారే మొక్కే. మనకి కావాల్సింది పువ్వు కాదుగా, ఆకు. ఆ లైటు కింద ఎక్కువ రోజులు ఆకు మీదే ఉంటుంది. కొసలు గిల్లుతూ ఉండు, నడుము ఎత్తు దాటనివ్వకు. ఏసీ వేడిగాలి కొట్టే వైపు మాత్రం ఏదీ పెట్టకు.

పెదవాల్తేరు_డాబా:

ఎదురింటివాళ్ళకి మొదటి కోత పచ్చడి పంపించండి, కరెంటు బిల్లు వాళ్ళదే కదా.

ఎంవీపీ_నాలుగోఫ్లోర్:

మొదటి సీసా పైనావిడకి బాకీ అండీ. రెండోది చూద్దాం.